కొన్నది ఎవరి సొత్తు?

వీడియో గేమ్‌ను ఏ అంగడిలో కొన్నామన్నదే దానిపై మనకు మిగిలే హక్కును నిర్ణయిస్తుంది. డిస్క్ కొన్నవారు ఒకప్పుడు దానిని మిత్రులకు ఇచ్చేవారు, తిరిగి అమ్ముకునేవారు. 2004లో వెలువడిన హాఫ్-లైఫ్ 2 ఆ రివాజును మార్చింది. దుకాణంలో పెట్టె కొన్నా, వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్‌లో ఖాతా తెరిచి అనుమతి పొందితేగాని ఆట మొదలుకాదు. నకళ్లను అరికట్టేందుకు వేసిన తాళం యజమానిని అద్దెదారుగా మార్చింది.

వేరొక దారి పోలండ్‌లో తెరుచుకుంది. కమ్యూనిస్టు పాలన పోయాక పైరసీ రాజ్యమేలిన విపణిలో ఎదిగిన సీడీ ప్రాజెక్ట్, 2008లో జీఓజీ ద్వారా తాళం లేని ఆటల విక్రయం ప్రారంభించింది. అక్కడ కొని ఫైళ్లను దింపుకొని దాచుకున్నవారికి అంగడి మూతపడినా ఆట మిగులుతుంది.

2024లో యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపివేయగానే 'ది క్రూ' ఆట డబ్బు చెల్లించినవారికీ దక్కకుండా పోయింది. లైసెన్సు మాత్రమే ఇస్తూ 'కొనండి' అని ప్రకటించేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని అదే ఏడాది కాలిఫోర్నియా శాసించింది. మన పార్లమెంటు 2012లోనే కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చి, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విరిచేవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష నిర్దేశించింది. తాళానికి దక్కిన అంతటి రక్షణ సొమ్ము చెల్లించిన పౌరునికీ దక్కాలి.