విత్తనము - నేల

వేసవిలో నూజివీడు చిన్న రసాలు తిని టెంకలు ఎక్కడపడితే అక్కడ పారవేస్తాము. అన్నీ మొలవవు. పెరటి చెమ్మలో పడినది మొలుస్తుంది. గచ్చుమీద పడినది ఎండిపోతుంది. క్యాన్సరు కణాల సంగతి కూడా ఇట్లాంటిదేనని 1889లో స్టీఫెన్ పేజెట్ అనే లండను శస్త్రవైద్యుడు ఊహించాడు.

రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది వివరాలను ఆయన పరిశీలించాడు. 241 మందికి కాలేయంలో కూడా వ్రణాలు పుట్టినవి. ప్లీహంలో పుట్టినది 17 మందికే. రెండింటికీ రక్తం పుష్కలంగానే అందుతుంది కదా! నేల అనుకూలిస్తేనే విత్తనం మొలుస్తుందని ఆయన సమాధానం.

1920లలో అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ దీనికి అడ్డు చెప్పాడు. రక్తం ఎటు పోతే కణాలూ అటే పోతాయన్నాడు. ఇందులోనూ నిజం లేకపోలేదు. శ్వాసకోశాలనుండి రక్తం తిన్నగా గుండె ఎడమ భాగానికి చేరి, అక్కడినుండి శరీరమంతటికీ పోతుంది. కనుక శ్వాసకోశ క్యాన్సరుకు అన్ని దారులూ తెరచినట్లే. సాధారణంగా అది మెదడు, ఎముకలు, కాలేయం, అధివృక్క గ్రంథులకు ప్రాకుతుంది. అరుదుగా చర్మంలో, చిగుళ్లలో, చిన్న ప్రేవులో, చివరకు వ్రేలికొన ఎముకలో సైతం తేలుతుంది. అప్పుడా వ్రేలు ఎర్రగా వాచి అచ్చం గోరుచుట్టువలె ఉంటుంది. కొందరిలో అసలు జబ్బు బయటపడకముందే ఈ వాపు కనిపిస్తుంది. గోరుచుట్టు వచ్చిన ప్రతివారూ బెదరనక్కరలేదు. కాని చుట్టలు, సిగరెట్లు త్రాగేవారికి మందు వాడినా వారాల తరబడి తగ్గకపోతే ఎక్స్-రే తీయించడం మంచిది.

పేజెట్ మాటను 1980లో ఇయాన్ హార్ట్, ఐజయా ఫిడ్లర్ పరీక్షించారు. చిట్టెలుకల శరీరంలో శ్వాసకోశం, అండాశయం, మూత్రపిండం ముక్కలను మన తోటమాలి అంటు కట్టినట్లు అతికించి, రక్తంలోనికి మెలనోమా అనే చర్మపు క్యాన్సరు కణాలను ఎక్కించారు. కణాలు మూడింటికీ చేరినవి. మొదటి రెండింటిలో వ్రణాలు పెరిగినవి. మూత్రపిండపు ముక్కలో పెరగలేదు.

నేలను మార్చలేకపోయినా మొలకకు ఆహారం ఆపవచ్చును. ఆ దారి చూపినవారిలో ముఖ్యులు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని అడ్డగించే మందులు ఆయన నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైనవి. 1948లో ఆయన మరణించారు. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేటుతో, గర్భంలోని మాయనుండి పుట్టి శ్వాసకోశాలకు ప్రాకిన క్యాన్సరు తగ్గినట్లు 1956లో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ ప్రకటించారు. శ్వాసకోశంలోనే పుట్టిన క్యాన్సరు అంత తేలికగా లొంగలేదు. దానిలో కొన్ని రకాలకు 2004 నుండి వాడుతున్న పెమెట్రెక్సెడ్ కూడా ఈ కుటుంబపు మందే.