ఎనిమిది అడుగుల దూరంలో ఒక్క తూటా

షికారు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు 2025లో రెండు వార్షికోత్సవాలు కలిసొచ్చాయి. నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్ నైనీతాల్‌లో పుట్టింది 1875 జూలై 25న. అంతకు నూరేళ్ల ముందు, 1775లో, డబ్లిన్‌లో జాన్ రిగ్బీ తుపాకుల దుకాణం మొదలైంది. ఈ ఇద్దరి పేర్లూ ఒకే రైఫిలు మీద ఉన్నాయి. బోల్టు రైఫిళ్లలో ఏది నమ్మదగ్గదని షికారీలు నూరేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. నా మటుకు ఆ వాదన ఈ రైఫిలు దగ్గర తేలిపోతుంది.

తుపాకి చరిత్రలో మొదటి శతాబ్దాలను త్వరగా దాటేయొచ్చు. వత్తి అంటించినా, చెకుముకి కొట్టినా, మందూ గుండూ గొట్టం మూతి నుంచి కూరాల్సిందే. తడిస్తే పేలదు. పేలినా, రెండోసారి నింపేలోగా జంతువు మీద పడుతుంది. 1841లో ప్రష్యా సైన్యం తీసుకున్న డ్రైజ్ సూది తుపాకితో ఈ తీరు మారింది. తలుపు గడియలా పిడి ఎత్తి వెనక్కి లాగడం, తూటా పెట్టడం, ముందుకు తోసి దించడం, అంతే. 1866లో ఆస్ట్రియా సైన్యం దాని దెబ్బ తిన్నాక యూరప్ బోల్టు విలువ గుర్తించింది.

ఆ పనిని పూర్ణత్వానికి తెచ్చినవాడు ఓబెర్న్‌డార్ఫ్ ఊరి పాల్ మౌజర్. ఆయన 1898 నమూనాలో బోల్టు పక్కన పొడవాటి ఉక్కు కొక్కెం ఉంటుంది. మ్యాగజైన్‌లోంచి తూటా పైకి లేస్తుండగానే దాని అంచు ఈ కొక్కెం కిందికి జారుతుంది. ఇక గొట్టంలోకి వెళ్లేదాకా, పేలాక ఖాళీ తూటా బయట పడేదాకా, అది బోల్టు పట్టులోనే ఉంటుంది. భయంలో బోల్టును సగమే తోసి మళ్లీ లాగినా ఆ తూటా వెనక్కి వచ్చి పడిపోతుందే తప్ప, దాని వెనక ఇంకొకటి వచ్చి ఇరుక్కోదు. పులి ముందు నిలబడ్డవాడి చేతులు వణుకుతాయని ముందే తెలుసుకుని గీసిన యంత్రం అది.

దానికి పోటీదారులు లేకపోలేదు. బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు అంతకన్నా వేగంగా ఆడుతుంది. పది తూటాలు పడతాయి, బురదకూ దుమ్ముకూ లొంగదు. కానీ అంచు పొడుచుకొచ్చిన .303 తూటాల్ని మ్యాగజైన్‌లో సరిగ్గా పేర్చకపోతే ఒకదాని అంచు ఇంకొకదానికి తగులుకుని ఆగిపోతుంది. ఆస్ట్రియా వాళ్ల మాన్‌లిషర్-షోనాయర్ 1903లో వచ్చింది. గుండ్రంగా తిరిగే మ్యాగజైన్, వెన్నలా జారే బోల్టు. వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ దాన్ని వాడాడు, 7 మిల్లీమీటర్ల మౌజర్‌నూ వాడాడు. ఆ మౌజర్ తూటానే రిగ్బీ కంపెనీ .275 పేరుతో అమ్మేది. రిగ్బీ కుటుంబంలోనే ఇంకో జాన్ రిగ్బీ 1887 నుంచి 1894 వరకు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి సూపరింటెండెంటు. బ్రిటిష్ సైన్యానికి రైఫిళ్లు చేయించిన మనిషి తన దుకాణంలో షికారు రైఫిళ్లకు జర్మనీ మౌజర్ బోల్టును ఎంచుకున్నాడు. దానికి అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం నాకు కనిపించదు.

ఇక కార్బెట్ సంగతి. 1907లో చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకున్నాక, దాని వేట ఆయన మీద పడింది. ఆ రోజు ఆయన చేతిలో .500 జోడు గొట్టాల రైఫిలు. వెంట తెచ్చుకున్నది మూడే తూటాలు. మూడూ అయిపోయాయి, పులి ఇంకా బతికే ఉంది. పరుగున వెళ్లి, వేటకు వచ్చిన తహసీల్దారు చేతిలోని తుపాకి లాక్కుని వచ్చి, ఇరవై అడుగుల దూరంలో ఎత్తి చూస్తే, గొట్టాలకూ వెనక దిమ్మెకూ మధ్య దాదాపు సెంటీమీటరు సందు! పేలి కళ్లు పోతాయేమోనన్న భయంతోనే నోటికి గురిపెట్టి కాల్చారు. తగిలింది కుడి పంజాకు. ముందు తగిలిన తూటాల గాయాలతో అప్పటికే కొన ఊపిరి మీద ఉన్న పులి అక్కడే తల వాల్చేసింది.

అలా పనికిరాని తుపాకితో ముగిసిన వేటకు బహుమానంగా ఆయనకు దక్కింది రిగ్బీ .275. నాటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఇచ్చారు. మడమ మీద బిగించిన బిళ్లపై చంపావత్ పేరు చెక్కి ఉంది. ఈ క్రమం నాకు ఎంతో నచ్చుతుంది. నమ్మలేని తుపాకి ఎలా ఉంటుందో చేతులతో తెలుసుకున్న మనిషికే నమ్మకమైనది అందింది.

ఇరవై మూడేళ్ల తర్వాత, 1930 ఏప్రిల్ 11. చౌగఢ్ ఆడపులి అప్పటికి 64 మందిని చంపింది. ఎరగా కట్టిన దున్నను చూడటానికి కార్బెట్ ఇద్దరు మనుషులతో ఒక వాగులోకి దిగారు. దారిలో అడవి పక్షి గూడు కనిపించింది, రెండు గుడ్లు. పక్షి గుడ్లు సేకరించే అలవాటు ఉన్న ఆయన వాటిని ఎడమ చేతిలోకి తీసుకున్నారు. కుడి చేతిలో తేలిక రైఫిలు, ఆ .275, ఛాతీకి అడ్డంగా. సేఫ్టీ తీసే ఉంది. పెద్ద బండ పలకను దాటి వెనక్కి తిరిగి చూస్తే ఎనిమిది అడుగుల దూరంలో పులి ముఖం.

తుపాకి మూతి అవతలి వైపు ఉంది. దాన్ని ముప్పావు చుట్టు తిప్పాలి, అదీ ఒక్క చేత్తో, పులికి కదలిక తెలియనంత నెమ్మదిగా. ఎడమ చేతిలో గుడ్లు ఉన్నాయి కాబట్టే ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ ఎత్తలేదు. రైఫిలు తేలిక కాబట్టే ఒక చేత్తో నిలిచింది. బరువైన జోడు గొట్టాల రైఫిలు అయితే ఆ తిప్పడం సగంలో ఆగిపోయేదే. మూతి పులికి సూటిగా వచ్చిన క్షణాన ట్రిగ్గరు నొక్కారు. తూటా వెన్నెముకను విరిచి గుండెను చీల్చింది. పులి లేవలేదు, తల మాత్రం మెల్లగా ముందు కాళ్ల మీదికి వాలింది. ఆయన మోకాళ్లలో సత్తువ పోయింది. తేరుకున్నాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆ గుడ్లను గూట్లో పెట్టి రావడం.

చౌగఢ్‌లో కొక్కెం అవసరం రాలేదు. రెండో తూటా వెయ్యలేదు మరి. పనికొచ్చింది బరువు తక్కువ కావడం, సేఫ్టీ తీసి తిరిగినా మోసం చేయదన్న భరోసా. ఆ భరోసాను ఏ నమూనాల పట్టికలోనూ కొలవలేరు. రైఫిళ్లను పోల్చేవాళ్లు ఎంతసేపూ గురి గురించే మాట్లాడతారు. అడవిలో చివరికి తేల్చేది ఇలాంటి సంగతులే.

మన తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో తిరిగిన మరో షికారీ కెన్నెత్ ఆండర్సన్ .405 విన్‌చెస్టర్ వాడేవారు. అది బోల్టు కాదు, లివర్ రైఫిలు. అదే విన్‌చెస్టర్ కంపెనీ 1936లో మోడల్ 70 తెచ్చింది, మౌజర్ కొక్కెంతో. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కొక్కెం తీసేసింది. తూటాను ఉత్తినే ముందుకు నెట్టి, చివరలో మాత్రమే పట్టుకునే చౌక బోల్టు పెట్టింది. షికారీలు ముఖం చాటేశారు. నేటికీ పాత మోడల్ 70కే ధర ఎక్కువ. 1992లో కంపెనీయే మళ్లీ కొక్కెం తెచ్చింది. అలాగని నెట్టే బోల్టు ఓడిపోలేదు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 దానితోనే అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. ధర తక్కువ, గురి అద్భుతం, బోల్టు ముందు చుట్టూ ఉక్కు కట్టు. జింకను కొట్టేవాడికి అది చాలు.

మన దేశంలో కథ ఇంకో దారి పట్టింది. సైన్యపు .303 పౌరులకు నిషేధం కాబట్టి, ఇషాపూర్ కర్మాగారం లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టుతోనే .315 స్పోర్టింగ్ రైఫిలు చేసి లైసెన్సుదారులకు అమ్మింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారే పోయింది, ఆ రైఫిలు పొలం కాపలాకూ ఆత్మరక్షణకూ మిగిలింది. మన కానిస్టేబుళ్ల భుజాన దశాబ్దాలు వేలాడిన త్రీ నాట్ త్రీకి ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినాన కవాతులో వీడ్కోలు చెప్పారు. ఇక కార్బెట్ వాడిన రిగ్బీ, ఆయన తర్వాత ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేతుల్లో ఉండి, 2015లో రిగ్బీ కంపెనీకే చేరింది.

షికారు పోయినా, మనిషి ప్రాణానికి ముప్పయిన పులిని చంపడానికి ఆ 1972 చట్టమే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు అనుమతిచ్చే అధికారం ఇచ్చింది. 2018 నవంబరు 2 రాత్రి మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చింది హైదరాబాదు నుంచి వెళ్లిన షికారీయే. ముందు మత్తు సూది వెయ్యలేదేమని మొదలైన వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.