మందుల చీటీ కొంగు ముడి నుంచి ఫోన్‌లోకి



మన ఇళ్లలో పాత మందుల చీటీలు పారేయరు. బరంపురంలో డాక్టరు రాసిన చీటీని కొంగున ముడేసుకుని విశాఖలో కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మలు మనకు తెలుసు. అక్కడ బీపీ మాత్ర కొనాలంటే ఆ కాగితమే ఆధారం. అది పోయినా, డాక్టరు రాత షాపువారికి అర్థం కాకపోయినా మందు ఆగిపోయేది. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిలే చెప్పాల్సి వచ్చింది.

ఈ కష్టాన్ని ఎస్టోనియా అనే చిన్న దేశం మరోలా తీర్చుకుంది. 2010 జనవరిలో అక్కడ దేశమంతటా ఎలక్ట్రానిక్ చీటీ మొదలైంది. డాక్టరు కంప్యూటర్‌లో రాస్తాడు. రోగి ఏ మందుల షాపుకైనా వెళ్లి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. రోజూ వాడే మందు అయిపోతే ఫోన్ చేసి మళ్లీ రాయించుకోవచ్చు. 2019 జనవరి నుంచి ఫిన్లాండ్‌లో రాసిన చీటీకి కూడా అక్కడ మందు ఇస్తున్నారు. సరిహద్దు దాటి బతికే మనలాంటివాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. డాక్టరు సంతకం చేసిన చీటీని ఫొటో తీసి ఫోన్‌కు పంపవచ్చు. నేరుగా షాపుకు పంపాలంటే మాత్రం రోగి ఒప్పుకోవాలి. ఏ షాపులో కొనాలన్నది రోగి ఇష్టమే. మత్తుమందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు ఇలా రాయకూడదు.

దీనితో ప్రయాణం తప్పింది, అర్థంకాని రాత బాధా తప్పింది. కానీ ఎస్టోనియాలో చీటీ రోగి కార్డుతో దొరుకుతుంది, మన దగ్గర కొడుకు ఫోన్‌లో ఉంటుంది. కొడుకు డ్యూటీకి వెళితే చీటీ కూడా వెళ్లిపోతుంది. అమ్మ చేతిలో ఏమీ మిగలదు.

ఇంకొకటి. మందు దొరకడం వేరు, సరిగ్గా వేసుకోవడం వేరు. ఫోన్‌లో వచ్చే చీటీ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. మన పెద్దల్లో కొందరికి తెలుగు అక్షరాలే వచ్చు. కొందరు తెలుగే మాట్లాడినా తమిళమో, కన్నడమో, ఒడియానో తప్ప చదవలేరు.

అందుకే మా మనవి ఒక్కటే. ఫోన్‌కు వచ్చిన ప్రతి చీటీకీ ఒక ప్రింటు తీయించి పెద్దవాళ్ల చేతికివ్వండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, వాళ్లు చదవగలిగే అక్షరాల్లో విడిగా రాసిపెట్టండి. ప్రింటు తీయించలేని ఇళ్లుంటే మన యువకులు కాస్త చెయ్యందించాలి.