ఇనుప ఖనిజం దారిలో అరకు యాత్ర

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కి, అరకులో దిగి, అక్కడి నుంచి బస్సులో అనంతగిరి, బొర్రా గుహలు చూసుకుంటూ రాత్రికి విశాఖ చేరే ఒక్కరోజు యాత్ర తూర్పు కనుమల్లో బాగా పేరుపడ్డ ఏర్పాటు. రాష్ట్ర పర్యాటక సంస్థ దీన్ని రైలు, బస్సు కలిపిన ప్యాకేజీగా నడుపుతూ వచ్చింది. టిఫిను, భోజనం, గైడు అన్నీ టికెట్టులోనే. అయితే ఆ కొండలకు రైలు వెళ్లింది చూడవచ్చేవాళ్ల కోసం కాదు, జపాను ఉక్కు కొలుముల కోసం.

అంతకు ముందు ఆ కొండలంటే మైదానం వాళ్లకు భయమే. 1839 చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం విశాఖ, గంజాం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చింది. ఏజెన్సీ అన్న పేరు అప్పటిదే. 19వ శతాబ్దంలో గాలికొండ మీద తెల్ల సిపాయిలకు ఆరోగ్య విడిది పెట్టాలని చూశారు గానీ, మన్యం జ్వరం వాళ్లను నిలవనివ్వలేదు. ఊటీలాంటి వేసవి పట్నం ఇక్కడ లేవకపోవడానికి దోమే ముఖ్య కారణమనుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన పద్మాపురం తోట ఇప్పుడు యాత్రికులు తిరిగే ఉద్యానవనం.

1960లో బస్తరులోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం జపానుతో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని బస్తరు నుంచి విశాఖ రేవుకు దించాలంటే కనుమలను దాటాలి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల పట్టాలు ఆ దశాబ్దం చివరికి సిద్ధమయ్యాయి. దారి పొడవునా 58 సొరంగాలు, లోయల మీద పెద్ద పెద్ద వంతెనలు. కొన్నిచోట్ల 60 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున ఎక్కుడు. బొర్రాకూ అరకుకూ నడుమనున్న శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తయినదన్న పేరు దానికి చాలాకాలం చెల్లింది. ఖనిజం బండ్ల నడుమ రోజూ నడిచిన ఒక్క ప్యాసింజరే చూడవచ్చేవాళ్లకు దారి చూపింది.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా పేటలో స్థిరపడ్డ తెలుగువాళ్లకూ ఈ దారితో చుట్టరికం ఉంది. అది రైల్వే కలిపినదే. 1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షనుగా తీర్చి వర్క్‌షాపు పెట్టినప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు ఊళ్ల నుంచి కుటుంబాలు పనికి తరలివెళ్లాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. అప్పటి నుంచి 2003లో తూర్పు కోస్తా రైల్వే విడిపోయేదాకా ఖరగ్‌పూర్ డివిజనూ, ఈ దారిని నడిపిన వాల్తేరు డివిజనూ ఒకే జోనులో ఉండేవి. నిమ్‌పురా యార్డు ఉద్యోగికీ అరకు స్టేషను ఉద్యోగికీ ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్‌రీచ్‌లోనే ఉండేది. ఏడాదికిన్ని అని చేతికొచ్చే రైల్వే పాసులున్న ఇళ్లకు సొంతూరి ప్రయాణానికి కొండల విహారాన్ని జత చేసుకోవడం కష్టమేం కాదు.

యాత్రలో గైడు నోటికి ఎక్కువ పని పెట్టేది బొర్రా. గోస్తనీ నది సున్నపురాతిని తొలిచి చేసిన ఈ గుహలు సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చుక్కచుక్కగా కారిన నీటిలోని సున్నం పైనుంచి వేలాడుతూ, కింద నుంచి లేస్తూ గడ్డకట్టింది. వాటిలో శివపార్వతులు, తల్లీబిడ్డ, రుషి గడ్డం, మొసలి చూపించడం గైడ్లకు తరతరాల పాఠం. మేత మేస్తూ కన్నంలో పడ్డ ఆవును వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం కనిపించిందన్నది స్థలకథ. శివరాత్రికి ఇప్పటికీ జనం పోటెత్తుతారు. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో ఈ గుహలను కనుగొన్నాడని పలకల మీద, పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఆ శాఖ పుట్టిందే 1851లో కాబట్టి ఈ మాట నిలవదు. పైగా పక్క పల్లెల గిరిజనులకు ఎప్పటి నుంచో తెలిసిన గుహను మరొకరు కనుగొనడమేమిటి?

ఆ పల్లెల పేరు దేశ న్యాయచరిత్రలోనూ ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు గనులకు లీజులిచ్చినప్పుడు సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గైడ్ల ప్రసంగాల్లో రుషి గడ్డానికి దొరికినంత చోటు ఈ తీర్పుకు దొరకదు.

అరకులో బస్సు ఆగే చోట్లు దాదాపు ఖాయం: గిరిజన మ్యూజియం, పద్మాపురం, తిరుగు దారిలో గాలికొండ మలుపు, కాఫీ తోటలు. నడుమ ధింసా. పండగలకీ పెళ్లిళ్లకీ ఊరంతా చేతులు కలిపి ఆడే ఆట, యాత్రికుల భోజనవేళకు కుదించిన ప్రదర్శన అయింది. ఆడేవాళ్లకు నాలుగు రూపాయలొస్తాయి, నిజమే. చూసేవాళ్లకు మాత్రం ఆటలో కొసరే దక్కుతుంది. కాఫీ సంగతి వేరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

2017 ఏప్రిల్‌లో కిరండూల్ బండికి విస్టాడోమ్ పెట్టె తగిలించారు. గాజు పైకప్పు, తిరిగే కుర్చీలు, 40 సీట్లు. దేశంలో అలాంటివాటిలో ఇది మొదటిది. జిల్లా కూడా మారింది: 2022 ఏప్రిల్ 4 నుంచి అరకు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పట్టాల మీద మాత్రం ఇప్పటికీ పెత్తనం ఖనిజానిదే. ప్రయాణికుల బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వానాకాలంలో కొండచరియలు జారి దారి మూసుకుపోవడం ఇక్కడ కొత్త కాదు గనుక, ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు బండి నడుస్తోందో లేదో కనుక్కునే బయల్దేరాలి.