కంటి ఒత్తిడిని కొలిచే సాధనాలు: చరిత్ర

కంటిలోని ఒత్తిడిని కొలిచే సాధనాల చరిత్ర చాలావరకు నీటికాసుల జబ్బుతో ముడిపడింది. వైద్యులు గ్లాకోమా అనే ఈ జబ్బులో దృష్టినాడి మెల్లమెల్లగా దెబ్బతింటుంది. కంటి ముందు భాగంలో నేత్రోదకమనే పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, కార్నియా అనే పారదర్శక పొర అంచున ఉన్న సన్నని మార్గాల గుండా బయటికి పోతుంటుంది. ఆ ప్రవాహానికి అడ్డు తగిలితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. అయితే రోజంతా ఒకే తీరుగా ఉండదు. చాలామందిలో రాత్రి పడుకున్నప్పుడు, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. ఆసుపత్రిలో కొలిచేది మాత్రం పగటిపూట, ఒక్కసారి. ఈ లోటును తీర్చడానికే మెత్తగా వంగే, తీగల అవసరం లేని సెన్సర్లు పుట్టాయి.

తొలి పద్ధతులు

నీటికాసులు వచ్చిన కన్ను గట్టిపడుతుందని ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ బానిస్టర్ 1622లో రాశాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా వైద్యులకు వేళ్లే సాధనం. నూజివీడు తోటల్లో రసం మామిడిపండును నొక్కి పక్వం తెలుసుకున్నట్టే, మూసిన రెప్ప మీద వేలితో నొక్కి కన్ను ఎంత గట్టిగా ఉందో అంచనా వేసేవారు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి మత్తు ఇవ్వవచ్చని చూపాక, కంటిని నేరుగా తాకి కొలిచే వీలు కలిగింది. మరుసటి ఏడాదే రష్యన్ వైద్యుడు మక్లకోవ్ రంగు పూసిన చదును బరువును కార్నియాపై ఆనించి, ఎంత మేర చదునైందో చూసి ఒత్తిడిని లెక్కకట్టాడు. 1905లో నార్వే వైద్యుడు యాల్మార్ షియోట్జ్ చేసిన చిన్న లోహ పరికరం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

1950లలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు చెందిన హాన్స్ గోల్డ్‌మన్ రూపొందించిన టోనోమీటర్ (కంటి ఒత్తిడి మాపకం) నేటికీ ప్రామాణికమే. కంట్లో ఫ్లోరసిన్ రంగు వేసి, నీలి వెలుగులో 3.06 మిల్లీమీటర్ల వ్యాసమున్న చదును మేర ఏర్పడేంత బలంతో కార్నియాను నొక్కుతారు. సూక్ష్మదర్శినిలో రెండు ఆకుపచ్చ అర్ధవలయాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు ఒకదానికొకటి తాకేదాకా వైద్యుడు చక్రం తిప్పుతాడు. తాకిన చోట చక్రం చూపే అంకెను పదితో గుణిస్తే ఒత్తిడి తెలుస్తుంది. 1972లో బెర్నార్డ్ గ్రోల్‌మన్ గాలి ఊది కొలిచే పద్ధతిని తెచ్చాడు.

ఆంధ్రదేశంలో

ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908లో పుట్టిన సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇవ్వగా, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను 1987లో ప్రారంభించారు. తెలుగువారి దాతృత్వానికీ వైద్య దీక్షకూ ఇది గొప్ప నిదర్శనం. 2011లో ఈ సంస్థ విజయవాడ సమీపంలోని తాడిగడపలో కోడె వెంకటాద్రి చౌదరి ప్రాంగణాన్ని తెరిచింది. గ్రామాల్లోని దృష్టి కేంద్రాల నుంచి హైదరాబాద్‌లోని కేంద్ర సంస్థ వరకు అంచెలంచెలుగా వైద్యం అందించే దాని పద్ధతి పేరు పొందింది.

ఈ సంస్థ 1996–2000 మధ్య చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం కంటి ఒత్తిడి కొలత విషయంలో ముఖ్యమైనది. హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. ఒత్తిడిని గోల్డ్‌మన్ పద్ధతిలోనే కొలిచారు. 2000లో వెలువడిన హైదరాబాద్ ఫలితాల ప్రకారం ప్రధాన రకమైన ఓపెన్ యాంగిల్ నీటికాసులు ఉన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా తమకు జబ్బు ఉందనే తెలియదు. వారిలో చాలామందికి పరీక్ష వేళ ఒత్తిడి 22 కన్నా తక్కువే ఉంది. ఒత్తిడి మామూలుగా ఉన్నా కొందరికి ఈ జబ్బు రావచ్చు. మరికొందరిలో అది వేరే వేళల్లో పెరగవచ్చు. ఒక్క కొలతతో జబ్బు లేదని తేల్చలేమని ఈ అధ్యయనం స్పష్టం చేసింది.

వంగే సెన్సర్లు

తీగలు లేకుండా కంటి ఒత్తిడిని కొలిచే ప్రయత్నం 1967 నాటిది. అమెరికాలో కార్టర్ కాలిన్స్ రెండు చదును తీగచుట్టలను సన్నని పొర గల బుడగలో అమర్చి, కుందేళ్ల కంట్లో పెట్టాడు. ఒత్తిడి పెరిగితే చుట్టలు దగ్గరవుతాయి. దాంతో అవి స్పందించే రేడియో పౌనఃపున్యం మారుతుంది. ఆ మార్పును బయటి నుంచి పసిగడతారు. కాబట్టి లోపల బ్యాటరీ అక్కర్లేదు. 2014లో అమెరికా అనుమతి పొందిన, గుండె వైఫల్య రోగుల ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే కార్డియోమెమ్స్ పరికరానికీ మూలసూత్రం ఇదే.

1974లో గ్రీన్, గిల్మన్ కాంటాక్ట్ లెన్స్‌లో సాగుడును కొలిచే మాపకాలు అమర్చి చూశారు. లొసాన్‌లోని స్విస్ సాంకేతిక సంస్థలో మాతెయో లియోనార్డి బృందం మెత్తని సిలికోన్ లెన్స్‌తో చేసిన పనిని 2004లో ప్రకటించింది. ఒత్తిడి మారితే కార్నియా వంపు అతి స్వల్పంగా మారుతుంది. లెన్స్‌లోని సన్నని లోహపు తీగ ఆ మార్పును పట్టుకుంటుంది. దీని నుంచి వచ్చిన ట్రిగ్గర్‌ఫిష్ లెన్స్‌కు 2016లో అమెరికా అనుమతి లభించింది. కంటి చుట్టూ అంటించిన యాంటెన్నా దానికి విద్యుత్తు అందిస్తూ సమాచారం తీసుకుంటుంది. ప్రతి 5 నిమిషాలకు 30 సెకన్ల చొప్పున 24 గంటలూ, నిద్రలో సైతం నమోదు సాగుతుంది. అయితే ఇది ఒత్తిడిని పాదరసం లెక్కలో చెప్పదు. హెచ్చుతగ్గుల తీరును మాత్రమే చూపుతుంది. శుక్లాల ఆపరేషన్ సమయంలో కంటి లోపలే అమర్చే జర్మన్ ఐమేట్ సెన్సర్ 2017లో ఐరోపా ఆమోదం పొందింది.

ఇదే కాలంలో శరీరంపై అంటించే పీడన సెన్సర్ల పరిశోధన విస్తరించింది. స్టాన్‌ఫర్డ్‌లో ఝెనాన్ బావో బృందం 2010లో రబ్బరు పొరపై సూక్ష్మ పిరమిడ్లు ఏర్పరచి, అతి తేలికైన స్పర్శనూ గుర్తించే సెన్సర్‌ను చేసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ వంగే పీడన సెన్సర్లపై చెప్పుకోదగ్గ పని జరిగింది.

కంటి ఒత్తిడిని తీగలు లేకుండా కొలిచే సెన్సర్లు ఇంకా మామూలు కంటి పరీక్షలో భాగం కాలేదు. జబ్బును నిర్ధారించాలంటే దృష్టినాడినీ, చూపు విస్తృతినీ పరీక్షించాల్సిందే. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మందులతో, శస్త్రచికిత్సతో మిగిలిన చూపును కాపాడుకోవచ్చు. అందువల్ల 40 ఏళ్లు దాటినవారు, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉన్నవారు ఏ ఇబ్బందీ లేకపోయినా కళ్లు పరీక్ష చేయించుకోవడం అవసరం.