లండన్ వీధుల్లో విద్యుత్ బండి: నూట పాతికేళ్ళ కథ

ఏ కారు కొనాలన్నది ఇంటి వ్యవహారమని మనం అనుకుంటాం. ధర, మైలేజీ, పిల్లల బడి దూరం చూసుకుని ఒక నిర్ణయానికి వస్తాం. కాని ఆ లెక్కలో సగం అంకెలను మనకన్నా ముందే నగరం వేసిపెట్టి ఉంచుతుంది. ఏ వీధిలోకి వెళ్తే సుంకం కట్టాలి, బండి ఎక్కడ ఆపుకోవచ్చు, రాత్రిపూట ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి మన చేతిలో ఉన్న సంగతులు కావు. విద్యుత్ వాహనాల విషయంలో ఇది ఎంత నిజమో లండన్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ నగరానికి ఈ బండ్లు ఒకసారి వచ్చి వెళ్ళిపోయాయి. ప్రజల వాహనాలుగా తిరిగి రావడానికి నూరేళ్ళు పట్టింది.

1897 ఆగస్టులో వాల్టర్ బెర్సీ రూపొందించిన విద్యుత్ క్యాబ్‌లు లండన్‌లో అద్దెకు తిరగడం మొదలుపెట్టాయి. నలుపు, పసుపు రంగుల్లో సన్నగా ఝుంకారం చేస్తూ పోయే ఆ బండ్లను జనం ముద్దుగా తేనెపిట్టలన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1899లో, ఆ వ్యాపారం మూతపడింది. బ్యాటరీ బరువుకు టైర్లు త్వరగా అరిగిపోయేవి. కుదుపులకు బ్యాటరీ పలకలు దెబ్బతినేవి. ఒక్క ఛార్జికి యాభై కిలోమీటర్లు నడవడమే గొప్ప. ఆపైన బండి తిరిగి కంపెనీ షెడ్డుకు చేరుకోవలసిందే. అదే కాలంలో గుర్రాల కోసం నగరంలో వీధి వీధినా నీటి తొట్లు ఉండేవి. వాటిని కట్టించడానికి 1860ల నుంచే ఒక ధర్మసంస్థ పనిచేస్తూ వచ్చింది. గుర్రానికి దారిపొడవునా దొరికిన ఆ ఆసరా విద్యుత్ బండికి ఎక్కడా దొరకలేదు.

తరువాత పెట్రోలు రాజ్యమేలిన రోజుల్లోనూ బ్రిటన్‌లో విద్యుత్తుతో నడుస్తూ నిలిచిన బండి ఒకటుంది. అది ఇంటింటికీ పాలసీసాలు చేరవేసే బండి. దాని దారి ఎప్పుడూ ఒకటే, వేగంతో పనిలేదు, మధ్యాహ్నానికి డిపోకు చేరి రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటుంది. ఛార్జింగ్‌కు నిలకడైన చోటు ఉంటే ఆనాటి సీసపు బ్యాటరీతో కూడా పని జరిగిందని పాలబండి నిరూపించింది.

ప్రజల ఇంధనపు అలవాటును నగరం మార్చగలదా అన్న ప్రశ్నకు అసలు జవాబు మాత్రం రోడ్డు మీద కాక ఇంటి పొయ్యి దగ్గర దొరికింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచులో దాదాపు నాలుగు వేలమంది మరణించారని అప్పట్లో లెక్కవేశారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను పన్నెండు వేల దాకా అంచనా కట్టారు. చలి కాచుకోవడానికి ప్రతి ఇంట్లో మండే బొగ్గు పొయ్యి అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. 1956 నాటి స్వచ్ఛ వాయు చట్టం స్థానిక ప్రభుత్వాలకు పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించే అధికారం ఇచ్చింది. అయితే నిషేధం ఒక్కటే విధించి ఊరుకోలేదు. పొయ్యి మార్చుకోవడానికయ్యే ఖర్చులో పదింట ఏడు వంతులు ప్రజాధనం నుంచి తిరిగి చెల్లించే ఏర్పాటు అదే చట్టంలో ఉంది. మానమని చెప్పిన చట్టమే మానడానికయ్యే ఖర్చునూ పంచుకుంది. తరువాతి కథకు ఇదే గీటురాయి.

2003 ఫిబ్రవరి 17న లండన్ నడిబొడ్డులోకి వచ్చే వాహనాలపై రోజుకు 5 పౌండ్ల రద్దీ సుంకం మొదలైంది. అసలు ఉద్దేశం ట్రాఫిక్‌ను తగ్గించడమే అయినా విద్యుత్ వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు వల్ల బాగా లాభపడ్డ కార్లలో ఒకటి మన బెంగళూరులో తయారైనది. 2001లో భారతదేశంలో అమ్మకానికి వచ్చిన రేవా 2004 నుంచి జీ-విజ్ అనే పేరుతో లండన్ చేరింది. సుంకం 2005లో 8 పౌండ్లయింది. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే రెండు వేల పౌండ్ల ఆదా. వెస్ట్‌మిన్‌స్టర్ వంటి చోట్ల పార్కింగ్ రాయితీలు కూడా తోడయ్యాయి. చిన్న కారు, వేగం తక్కువ, 2007లో జరిగిన ఢీ పరీక్షలో భద్రత కూడా అంతంతమాత్రమేనని తేలింది. అయినా రేవాలు ఎక్కువగా అమ్ముడైన నగరాల్లో లండన్ ఒకటిగా నిలిచింది. పుట్టిన ఊళ్ళో మాత్రం ఆ కారు అరుదుగానే కనబడేది. కారు రెండు చోట్లా అదే. అయితే బెంగళూరులో పెట్రోలు కారుకు వీధిలో తిరిగినందుకు అదనంగా పడే ఖర్చేమీ లేదు, లండన్‌లో ఉంది.

ఈ విజయం చూసి 2009లో నగరం పెద్ద లక్ష్యమే పెట్టుకుంది: 2015 నాటికి 25,000 ఛార్జింగ్ కేంద్రాలు. గడువు నాటికి అందులో చిన్న భాగమే సమకూరింది. ఇళ్ళముందు సొంత స్థలం లేక వీధిలోనే కారు నిలుపుకునే కుటుంబాలు లండన్‌లో లెక్కలేనన్ని. వారికి మినహాయింపు ఉన్నా ప్లగ్గు లేదు. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారాల్లో వీధిదీపం ఒకటి. స్తంభంలో అప్పటికే ఉన్న విద్యుత్తునే వాడుకుని 2020లో సదర్లాండ్ ఎవెన్యూలో 24 దీపస్తంభాలను ఛార్జింగ్ కేంద్రాలుగా మార్చారు. గుర్రాల నీటి తొట్టికి సాటి వచ్చేది విద్యుత్ బండికి ఇన్నాళ్ళకు దొరికింది.

ఇక గాలి సంగతి. సౌత్ సర్క్యులర్ రోడ్డు పక్కన పెరిగిన తొమ్మిదేళ్ళ పాప 2013లో ఉబ్బసంతో మరణించింది. ఆమె మరణానికి వాయుకాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో న్యాయవిచారణ తేల్చింది. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణ కారణాల్లో వాయుకాలుష్యాన్ని నమోదు చేయడం అదే మొదటిసారి. మరణపత్రంలో వ్యాధి పేరు రాయడం వైద్యులమైన మాకు అలవాటే. ఆ వరుసలో ఒక రోడ్డు పొగ చేరడం నాకు ఏ గణాంకం కన్నా బరువుగా తోచింది.

2019 ఏప్రిల్ 8న మొదలైన అత్యల్ప ఉద్గార మండలంలో కాలుష్య ప్రమాణాలకు అందని పాత బండ్లు రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. ప్రమాణాలకు సరిపడే పెట్రోలు కార్లకు ఆ సుంకం లేదు కనుక దీన్ని విద్యుత్ వాహనాల పథకమని అనలేం. కాని పాత డీజిల్‌ను వదలడమే మొదటి మెట్టు. 2023 ఆగస్టు 29న మండలం నగరమంతటికీ విస్తరించినప్పుడు శివార్లలో ఆగ్రహం పెల్లుబికింది. తెల్లవారకముందే డ్యూటీకి బయలుదేరే నర్సుకు, పాత వ్యాన్‌తో బతుకు వెళ్ళదీసే ప్లంబరుకు ఆ సుంకం చిన్న మొత్తం కాదు. పాత కారు వదులుకున్నవారికి 2,000 పౌండ్ల సాయం ఉన్నప్పటికీ, మొదట్లో అది ప్రభుత్వ భృతి పొందేవారికి, చిన్న వ్యాపారులకు, ధర్మసంస్థల వంటి కొందరికే పరిమితమైంది. నగరవాసులందరికీ దాన్ని వర్తింపజేసింది విస్తరణ జరిగిన ఆగస్టులోనే. 1956లో నిషేధమూ సాయమూ ఒకే చట్టంలో నడిచాయి. ఇక్కడ సుంకం ముందు నడిచి, సాయం వెనక వచ్చింది. ఆగ్రహంలో కొంత భాగం ఈ ఆలస్యానిదే.

2025 డిసెంబరుతో విద్యుత్ కార్లకు రద్దీ సుంకం నుంచి పూర్తి మినహాయింపు ముగిసింది. అవి పొగ వదలకపోయినా రోడ్డు మీద చోటు ఆక్రమిస్తాయి కనుక ఇందులో న్యాయం లేకపోలేదు. ప్రోత్సాహం శాశ్వతమైన హక్కు కాదు. అలవాటు కుదిరేదాకా అందించే ఊతం. అయితే ఆ ఊతం ఇన్నాళ్ళూ ఎక్కువగా అందింది కొత్త కారు కొనగలిగినవారికి, సొంత స్థలంలో ప్లగ్గు ఉన్నవారికి. విద్యుత్ వాహనాలను కోరుకునే ఏ నగరమైనా పాత బండికి సుంకం వేసే రోజునే, దాన్ని మార్చుకునే స్తోమత లేనివాడికి సాయం, ఇంటి దగ్గర ఛార్జింగ్ అందుతున్నాయో లేదో చూసుకోవాలి. రోడ్డు పక్క ఇళ్ళలో ఆ పొగ పీల్చేవారిలో ఎక్కువమంది అటువంటివారే.