తంతికి పొలిమేర

తంతివార్తలు మెఱుపువలె పోవుచుండిన దినములు మీరెఱిగినవే. ఐరోపాలో మొదట పెక్కుచోట్ల ఆ మెఱుపు రాజ్యపు పొలిమేరకడ నిలిచిపోయెడిది. గుమాస్తా సందేశమును కాగితముపై వ్రాసి ఆవలి కచ్చేరివారి చేతికీయవలెను. వారు దానిని మరల పంపవలెను. రుసుము రాజ్యమున కొకతీరు.

ఈ చిక్కు తీర్చుటకు 1865లో ఫ్రాన్సు ప్రభుత్వము పారిసులో సభ గూర్చెను. 20 రాజ్యముల ప్రతినిధులు మార్చి 1 మొదలు రెండున్నర నెలలు చర్చించి, మే 17న ఒడంబడికపై చేవ్రాళ్లు చేసి అంతర్జాతీయ తంతి సంఘమును స్థాపించిరి. మోర్సు సంకేతము లందఱివయ్యెను. ఇంగ్లండును పిలువలేదు, అచటి తంతులు ప్రైవేటు కంపెనీలవి. పెండ్లిపిలుపులు మానుట కింతకన్న చిన్న కారణములను చూచియున్నాను.

సభ ముగియగనే మఱచుట లోకరీతి. వీరట్లు చేయక 1868లో వియన్నాలో మరల కూడి, బెర్నులో శాశ్వత కార్యాలయము నేర్పఱచిరి. నా తలంపున సభకంటె నిదియే ఘనకార్యము. 1869లో మన దేశమును అందు చేరెను. ఆ సంఘపు సంతతియైన సంస్థ, ప్రమాణములను నిర్ణయించు తన మహాసభను 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిపెను.